చక్రాల చెక్క తరఫున ఒక వకాల్తా

చాలా కాలానికి టపా రాస్తున్నాను. ఇది పద్యాల గురించి కాదు, వ్యాకరణం గురించి కాదు. నాలుగు చక్రాలు బిగించిన చెక్కముక్క గురించి. తెలుగు పంతులుకు ఇదేం పిచ్చి అని మీరు అనుకోవచ్చు. అనుకున్నా సరే, చివరిదాకా చదివి తర్వాత తిట్టండి.

మా యాడికిలో సాయంత్రం పూట గుడి అరుగు మీద నలుగురం కూర్చుంటాము. అందరమూ విశ్రాంత ఉద్యోగులమే. మొన్నొక నాడు మాటల్లో మాటగా ఒలింపిక్ క్రీడల ప్రస్తావన వచ్చింది. 2024లో ప్యారిస్‌లో జపాను బాలిక ఒకరు, ఆస్ట్రేలియా బాలిక ఒకరు, ఇద్దరూ పద్నాలుగేళ్ళ వాళ్ళే, స్కేట్‌బోర్డు ఆటలో బంగారు పతకాలు గెలుచుకున్నారని నేను చెప్పాను. నా చిరకాల మిత్రులు, లెక్కల మాస్టారు, చేతికర్ర నేలకు తాటించి ఇట్లా అన్నారు: "చక్రాల చెక్క మీద నిలబడి జారడమూ ఒక ఆటేనా? దానికి బంగారు పతకమా? ఇక ఆ చెక్క కింద బొమ్మలు గీసి బతకడం ఒక వృత్తా? తాగే నీళ్ళకు కటకటలాడే సీమలో కూర్చొని ఇట్లాంటి విలాసాలు పొగుడుతారేమండీ పండితులవారూ!"

అరుగు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తర్వాత ఆ నవ్వు నాకే రుచించలేదు. మాస్టారి మాటల్లో నాలుగు ఆక్షేపణలు ఉన్నాయి. అవి ఆయన ఒక్కరివే కావు. మన చదువుకున్న వాళ్ళందరివీ. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో నేను ఆచరించినవీ అవే. కనుక ఈ వాదం ఆయన మీద మాత్రమే కాదు, నా మీద కూడా.

మొదటి ఆక్షేపణ: ఇది మనది కాదు, అమెరికా వారి వేషం.

కాలిఫోర్నియాలో ఈ ఆట పుట్టిన తీరు చూడండి. 1940లు, 50లలో అక్కడి పిల్లలు పాత రోలర్ స్కేట్ల చక్రాలు ఊడదీసి, చెక్కలకు మేకులతో బిగించి వీధుల్లో తోలుకున్నారు. దుకాణంలో కొనే బోర్డులు తర్వాత వచ్చాయి. మొదట చేసింది పిల్లలే, చేసింది పారేసిన సామానుతోనే. మన ఊళ్ళలో పిల్లలు చేసిందేమిటి? లారీ షెడ్డు దగ్గర, ట్రాక్టరు మెకానిక్కు దగ్గర పారేసిన బేరింగులు ఏరుకొచ్చి, తుమ్మకర్రను ఇరుసుగా చెక్కి, పైన పలక కొట్టి బేరింగుల బండి చేసుకోలేదా? మీలో ఎందరు ఆ బండి ఎక్కి మోకాళ్ళు చెక్కుకోలేదు? రెండు చోట్లా ఒకే బుద్ధి పనిచేసింది, ఒకే చిల్లర సామాను పనికొచ్చింది. తేడా తర్వాత జరిగింది. అక్కడ ఆ చెక్కను పట్టుకొని ఒకడు చక్రం మార్చాడు, ఇంకొకడు తోక వంచాడు, మరొకడు కింద బొమ్మ గీశాడు. ఇక్కడ ఆ చెక్కను పట్టుకొని మాస్టారు అలమరలో పెట్టి తాళం వేశాడు.

ఆ మాస్టారును నేనే. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

రెండవ ఆక్షేపణ: కరువు సీమలో ఈ విలాసమా?

ఇక్కడ మాస్టారికి ఒక చరిత్ర చెప్పాలి. 1976, 77 సంవత్సరాలలో కాలిఫోర్నియాలో ఘోరమైన కరువు వచ్చింది. నీటి వాడకం మీద ఆంక్షలు పెట్టారు. ఇళ్ళ వెనక ఉండే ఈతకొలనులు ఎండిపోయాయి. ఆ కొలనుల గోడలు అడుగున గుండ్రంగా వంగి పైకి లేస్తాయి. శాంటా మోనికా, వెనిస్ ప్రాంతాల్లో పేద ఇళ్ళ పిల్లలు కొందరు ఆ ఖాళీ కొలనుల్లోకి దూకి, ఆ వంపుగోడల మీద చెక్కలతో పైకి ఎక్కి దిగడం మొదలుపెట్టారు. జెఫిర్ అనే అలల పలకల దుకాణం పేరు మీద ఆ పిల్లల జట్టుకు పేరు వచ్చింది. అంతవరకు నేల మీద నడిచిన ఆట అప్పుడు గోడ ఎక్కింది. ఇప్పుడు ఒలింపిక్స్‌లో 'పార్క్' అనే పోటీ జరిగే దొన్నె ఆకారపు మైదానం ఆ ఎండిన కొలనుకు మనుమరాలే.

మిత్రులారా, కరువును నేను పొగడడం లేదు. కరువు ఏమిటో యాడికి మనిషికి ఎవరూ చెప్పనక్కర లేదు. దేశంలో అత్యల్ప వర్షపాతం పడే జిల్లాల లెక్కలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత మా అనంతపురం పేరే చెబుతారు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే ఏమవుతుందో, బెంగుళూరు పోయే బస్సుల్లో పిల్లాపాపలతో మూటలు ఎట్లా ఎక్కుతాయో నేను కళ్ళారా చూసినవాణ్ణి. కాలిఫోర్నియా కరువులో ఎండింది ధనికుల కొలను, మా కరువులో ఎండేది బీదవాడి బోరుబావి. ఆ రెంటికీ పోలిక లేదని ఒప్పుకుంటాను. కాని నా ప్రశ్న వేరు. కరువు ఉంది కాబట్టి పిల్లలకు ఆట వద్దు అనడం ఏ ధర్మశాస్త్రం? ఆటను తగ్గిస్తే బోరులో నీళ్ళు ఊరతాయా? వాన లేని ఏటిలో పెద్దవాళ్ళకు దిగులు ఉంటుంది, పిల్లవాడికి దిగులుతో పాటు ఖాళీ కూడా ఉంటుంది. ఆ ఖాళీని ఏం చేయమంటారు? ఖాళీ కాళ్ళకు మన జిల్లాలో ఇప్పుడు దొరుకుతున్నవి పేకాట చెట్టు, మద్యం దుకాణం, చేతిలో సెల్లు. వాటికంటె చక్రాల చెక్క విలాసమా?

ఇదే జిల్లాలో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ గారి గ్రామీణాభివృద్ధి సంస్థ పనిచేసింది. వాళ్ళు బావుల గురించి, బడుల గురించి, ఇళ్ళ గురించి మాత్రమే ఆలోచించి ఊరుకోలేదు, అనంతపురంలో క్రీడాగ్రామం కట్టారు. 2010లో రఫెల్ నాదల్ పేరిట అక్కడ టెన్నిస్ బడి తెరిచారు. టెన్నిస్ కంటె విలాసపు ఆట ఏముంది? అయినా కూలి ఇళ్ళ పిల్లలు ఆ బ్యాటు పట్టుకున్నారు, ఆంగ్లం, కంప్యూటరు కూడా అక్కడే నేర్చుకున్నారు. కరువు సీమ అని వాళ్ళు ఆటను వాయిదా వేయలేదు.

మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్‌వార్ అనే పల్లె ఉంది. 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మను మహిళ అక్కడ స్కేట్‌బోర్డు మైదానం కట్టించారు. రెండు నియమాలు పెట్టారు. ఒకటి, బడికి పోనిదే బోర్డు లేదు. రెండు, ఆడపిల్లలకు మొదటి అవకాశం. బెత్తం చూపించి బడికి రప్పించిన నాబోటివాడు ఆ మొదటి నియమాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. నేను ఆట పీకివేసి చదువు చెప్పబోయాను. ఆమె ఆటను ఎరగా వేసి పిల్లలను చదువుకు నడిపించారు.

మూడవ ఆక్షేపణ: బొమ్మలు గీసి బతకడం ఒక వృత్తా?

ఇక్కడే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకంటే ఈ మాట అన్న మాస్టారి ఇంటికి రెండు వీధుల అవతలే మగ్గాలు ఉన్నాయి. చీర అంచు మీద ఏ హంస ఎక్కడ రావాలో, బుటాకు బుటాకు నడుమ ఎంత ఎడం ఉండాలో ముందుగా గళ్ళ కాగితం మీద గీసి, అట్టలకు రంధ్రాలు కొట్టి జకార్డుకు ఎక్కించేవారిని మనం ఏమంటాం? ఆ గీత లేకపోతే ధర్మవరం చీర ధర్మవరం చీర అవుతుందా? తరతరాలుగా రూపకల్పన మీద అన్నం తింటున్న ఊళ్ళలో కూర్చొని 'గీత గీసి బతకడమా' అని నవ్వడానికి మనకు నోరెట్లా వచ్చింది? చేనేత చేతిలో ఉన్నంతకాలం అది 'పని'. అదే విద్య ఆంగ్లం పేరు పెట్టుకొని పట్టణంలో ఫీజు కట్టి నేర్చుకుంటే 'డిజైన్'. 2015లో మన రాష్ట్రానికి జాతీయ డిజైన్ సంస్థ వచ్చిందని చప్పట్లు కొట్టాం. ఆ సంస్థ గుమ్మం దాకా పోగల పిల్లవాడు తయారు కావలసిన పల్లెబడిలో డ్రాయింగు పీరియడు ఏమైందో అడగలేదు.

ఇక చక్రాల చెక్క సంగతి. నాటస్ కౌపస్ అనే ఆయన 1969లో పుట్టాడు. శాంటా మోనికా వీధుల్లో పెరిగాడు. 1980ల నడుమ, అప్పటివరకు ఖాళీ కొలనులకు, చెక్కతో కట్టిన ర్యాంపులకు పరిమితమైన ఆటను వీధిలోకి తెచ్చిన ఇద్దరు ముగ్గురిలో ఆయన ఒకడు. గోడ, మెట్టు, బల్ల, వీధి కొళాయి దిమ్మె, ఏది కనబడితే అది ఆయనకు ఆటస్థలమే. ఆ దశాబ్దం చివరికి ఆయన పేరిట ఒక కంపెనీ బూటు చేసింది. ఆటగాడి పేరుతో వచ్చిన స్కేట్‌బోర్డు బూట్లలో అది తొలినాటిది. తర్వాత సొంత బోర్డుల సంస్థ నడిపాడు. ఆట తగ్గించుకున్నాక పత్రికల పుటల రూపకల్పన చేశాడు, దుస్తుల సంస్థలో రూపకర్తగా పనిచేశాడు. ఆయన తోటివాడు మార్క్ గొంజాలెజ్ 1989లో బ్లైండ్ అనే బోర్డుల సంస్థ మొదలుపెట్టి, బోర్డుల మీద బొమ్మలు తానే గీశాడు. 1998లో జర్మనీలోని ఒక కళామందిరంలో, ప్రదర్శనకు పెట్టిన శిల్పాల నడుమ బోర్డు తోలాడు. అది పోటీ కాదు, కళాప్రదర్శన.

వీళ్ళ జీవితాల్లో నన్ను పట్టుకున్న విషయం ఒకటి ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో స్కేట్‌బోర్డు వ్యాపారం కూలిపోయింది. ర్యాంపుల మైదానాలు మూతపడ్డాయి. నిన్నటిదాకా వేల డాలర్లు వచ్చినవాళ్ళకు చేతిఖర్చుకు కటకట అయింది. టోనీ హాక్ అంతటివాడికే గడ్డుకాలం దాపురించింది. అప్పుడు తట్టుకున్నవాళ్ళలో చాలామంది, కాలితో పాటు చేతికి కూడా పని నేర్పినవాళ్ళు. బొమ్మ గీయడం, పుట కూర్చడం, చెక్క ఆకారం మార్చడం, ఫొటో తీయడం, సినిమా తీయడం వచ్చినవాళ్ళు. స్టేసీ పెరాల్టా అనే ఆటగాడు బోర్డుల కంపెనీ నడిపి, తర్వాత చిత్రదర్శకుడై, 2001లో తమ జెఫిర్ జట్టు మీద తానే డాక్యుమెంటరీ తీశాడు. వయసు మీరిన కాలు ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. చేయి ఇంకొంతకాలం మాట వింటుంది. ఆటగాడి బతుకుకు ఇంతకంటె మంచి బీమా ఏదో మాస్టారే చెప్పాలి.

ఆ ఆటలోని విద్యను కూడా తక్కువగా చూడకండి. తొలి బోర్డుల చక్రాలు ఇనుముతోనో, మట్టి మిశ్రమంతోనో చేసినవి. దారిలో గులకరాయి తగిలితే చక్రం ఆగిపోయేది, మనిషి ముందుకు ఎగిరిపడేవాడు. 1970ల తొలినాళ్ళలో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు యూరిథేన్ అనే మెత్తని గట్టి పదార్థంతో చేసిన చక్రాలను బోర్డులకు తెచ్చాడు. చక్రం రాయిని పట్టుకొని దాటడం మొదలుపెట్టింది. ఒక్క పదార్థం మారితే ఆట మొత్తం మారింది. 1970ల చివర అలన్ గెల్ఫాండ్ అనే ఫ్లారిడా కుర్రవాడు చేత్తో పట్టుకోకుండా బోర్డుతో గాలిలోకి లేచాడు. ఆ విన్యాసానికి ఆయన ముద్దుపేరు 'ఆలీ' అనే పేరు నిలిచింది. రాడ్నీ మల్లెన్ దాన్ని సమతల నేల మీదకు తెచ్చాడు. తోకను కాలితో తాటించి, ముందు కాలితో చెక్కను పైకి ఈడ్చుకొని లేవడం. నా భాషలో చెప్పాలంటే ఆ ఆలీ ఒక ధాతువు. దానికి చెక్కను పొడవునా తిప్పే ప్రత్యయం చేర్చారు, అడ్డంగా తిప్పే ప్రత్యయం చేర్చారు, దిగేచోట మెట్టో కమ్మీయో చేర్చి సంధి చేశారు. ఇవాళ వీధి పోటీలో కనబడే విన్యాసాలలో అధికభాగం ఆ ఒక్క ధాతువుకు రూపాలే. మల్లెన్ తండ్రి దంతవైద్యుడు. కొడుక్కు బోర్డు కొనిపెట్టడానికి ఒక షరతు పెట్టాడట. రక్షణ కవచాలు వేసుకోవాలి, గట్టి దెబ్బ తగిలిన రోజున మానేయాలి. ఆ షరతు మీదే ఇంటి గరాజు గచ్చు మీద సాధన చేసి, తర్వాత ఇంజనీరింగు చదివి, బోర్డుకు చక్రాలకు నడుమ ఉండే ఇరుసుల దిమ్మెను కొత్తగా రూపొందించాడు. ఆట, చదువు, రూపకల్పన మూడూ ఒకే మనిషిలో ఇమిడాయి. మన బడి ఈ మూడింటికీ మూడు గదులు కట్టి, రెండింటికి తాళం వేసింది.

తెలుగువాడి మాట ఏమిటి అంటారా? హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ పేరు మీలో ఎంతమందికి తెలుసు? రోలర్ స్కేట్లతో చేసే కళాత్మక స్కేటింగ్ ఆయన విద్య. 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒంటరి విభాగంలో ఒకటి, అవనీ పంచాల్‌తో జంటగా ఒకటి, రెండు కాంస్య పతకాలు తెచ్చాడు. 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. ఆ పోటీలో గిరికీల లెక్క ఒకటే చాలదు. సంగీతానికి తగిన అడుగు కావాలి, ఆహార్యం కావాలి, మొదటి నుంచి చివరిదాకా ఒక కల్పన కావాలి. న్యాయనిర్ణేతలు శక్తికీ, కళకూ కలిపి మార్కులు వేస్తారు. వ్యాయామమూ, నాట్యమూ కలగలిసిన ఆ విద్యలో ఆసియా ఖండం స్థాయికి పోయిన తెలుగువాణ్ణి మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోలేదు. నేనూ పిల్లలకు చెప్పలేదు. అప్పటికి నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను, పత్రిక రోజూ చదివేవాణ్ణి. ఆటల పుటను క్రికెట్టు దాటి తిప్పలేదు, అంతే.

నాలుగవ ఆక్షేపణ మాస్టారు నోటితో అనలేదు, నవ్వుతో అన్నారు: ఇది విద్య కాదు, అల్లరి.

దీనికి నేను నా శాస్త్రంతోనే జవాబు చెబుతాను. అరవై నాలుగు కళలు అని మనం వేదికల మీద ఛాతీ విరుచుకొని చెబుతాం కదా, ఆ పట్టిక ఎప్పుడైనా తీరికగా చదివామా? కామసూత్రంలో వాత్స్యాయనుడు ఇచ్చిన పట్టికలో కావ్యక్రియ ఉంది, సమస్యాపూరణం ఉంది. అదే పట్టికలో ఆలేఖ్యం ఉంది, అంటే బొమ్మ గీయడం. తక్షణం ఉంది, అంటే వడ్రంగం. వ్యాయామ విద్య ఉంది. పద్యం చెప్పేవాణ్ణీ, చెక్క చెక్కేవాణ్ణీ, బొమ్మ గీసేవాణ్ణీ, ఒడలు వంచేవాణ్ణీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించింది ఆ పట్టిక. ఆ పంక్తిలోంచి కడమ ముగ్గురినీ లేపి, పద్యగాడికి మాత్రం సన్మానశాలువా కప్పింది మనం. అవధానిని చూసి ఆశ్చర్యపోతాం. పృచ్ఛకుడు ఇచ్చిన నిషేధాక్షరాన్ని తప్పించుకొని పాదం పూర్తి చేస్తే చప్పట్లు కొడతాం. మెట్ల కమ్మీ అనే నిషిద్ధాక్షరాన్ని దాటుకొని, పడకుండా, తడబడకుండా కిందికి దిగిన పిల్లను చూస్తే 'కోతిచేష్ట' అంటాం. ఇదేనా సంప్రదాయం?

అల్లరి అని మనకంటె ముందు అన్నవాళ్ళు ఉన్నారు. నార్వే దేశం 1978లో స్కేట్‌బోర్డుల అమ్మకాన్నీ, వాడకాన్నీ నిషేధించింది. పిల్లలు గాయపడుతున్నారన్నది కారణం. ఆ నిషేధం 1989 దాకా సాగింది. ఆ పదకొండేళ్ళూ అక్కడి పిల్లలు అడవుల్లో దొంగచాటుగా ర్యాంపులు కట్టుకొని ఆడారు. 2021లో టోక్యోలో ఆ నిషిద్ధ వస్తువు ఒలింపిక్ క్రీడ అయింది. మహిళల వీధి పోటీలో మొదటి రెండు స్థానాలు పొందినవాళ్ళు పదమూడేళ్ళ బాలికలు. గాయాల భయం అబద్ధమని నేను అనను. శిరస్త్రాణం లేకుండా ఏ పిల్లవాణ్ణీ బోర్డు ఎక్కనివ్వకూడదు. కాని మాస్టారూ, లైసెన్సు లేని పదిహేనేళ్ళ మనుమడికి మోటారు సైకిలు తాళం ఇచ్చి పాలప్యాకెట్టుకు పంపే ఊళ్ళో, ఎముకలు విరుగుతాయన్న వాదన మన నోట అంత బాగుండదు.

ఇప్పుడు నా సొంత నేరం.

1990ల చివరి మాట. నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి కుర్రవాడు ఒకడు ఉండేవాడు. తండ్రి బండల పాలిషు కార్ఖానాలో పని. తల్లి మగ్గం పని. ఆ పిల్లవాడు ఒక బేరింగుల బండి చేశాడు. అందరూ చేసేదే, కాని వీడి బండిలో ముందు ఇరుసు ఒక బోల్టు మీద తిరిగేది. ఒంటిని ఒక పక్కకు వాలిస్తే బండి ఆ పక్కకు మళ్ళేది. ఎవరూ నేర్పలేదు. పలక అడుగున, నేలకు తప్ప ఎవరికీ కనబడని చోట, ఎనామిల్ రంగుతో అమ్మ నేసే చీర అంచు గీశాడు. హంస, తీగ, మళ్ళీ హంస. మధ్యాహ్నం గంట కొట్టాక వరండా వాలు మీద గరగరమని తోలుతుంటే, నేను లోపల సంధి సూత్రం చెబుతున్నాను. చప్పుడు నాకు అడ్డం వచ్చింది. బయటికి వచ్చి రెండు అంటించి బండి లాక్కున్నాను.

"ఇంగ తోలను సార్, ఇయ్యండి సార్, నా బండి సార్" అన్నాడు. ఇవ్వలేదు. స్టోరు గదిలో వేయించాను. కొన్నాళ్ళకు అటెండరు దాన్ని వరండాలోకి తెచ్చి, బేరింగులు పీకేసి, తాగునీటి కుండకు పీటగా వేశాడు. ఏళ్ళ తరబడి ఆ పీట మీది కుండ నీళ్ళే నేను తాగాను. మరుసటి ఏడు వానలు లేవు. వేరుశనగ ఎండింది. తొమ్మిదవ తరగతి నడుమనే ఆ కుటుంబం బెంగుళూరికి పోయింది. నేను బండి లాక్కున్నందుకే పిల్లవాడు బడి మానాడని చెప్పుకుంటే అది నన్ను నేను గొప్ప చేసుకోవడమే అవుతుంది. వాణ్ణి తరిమింది కరువు. కాని వాడు బడిలో ఉన్న ఆ కొద్దికాలంలో, వాడి చేతిలో ఉన్న రెండు విద్యలనూ బడి చూసిన చూపు మాత్రం నాది. బోల్టు మీద ఇరుసు తిప్పిన బుద్ధికి భౌతికశాస్త్రం మాస్టారు దగ్గర ఒక మంచి మాట లేదు. అంచు గీసిన చేతికి డ్రాయింగు మాస్టారు లేనే లేడు. ఆ పీరియడు నేనే తీసుకొని వ్యాకరణం చెప్పుకొనేవాణ్ణి. డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారు తీసుకొనేవారు. అవును, అరుగు మీది నా మిత్రులే. పదవతరగతి ఫలితాలు బాగా వచ్చాయని మాకిద్దరికీ మెచ్చుకోలు కూడా వచ్చింది.

చట్టం మనవైపు లేదని ఇంకా ఎవరికైనా అనుమానం ఉంటే వినండి. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వందకు మించితే చిత్రకళాది విద్యలకు ఒకరు, వ్యాయామ విద్యకు ఒకరు, పనివిద్యకు ఒకరు, కనీసం పాక్షిక కాలపు శిక్షకులు ఉండాలి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం చదువుకూ, ఆటపాటలకూ నడుమ గోడ ఉండరాదన్నది. కాగితం మీద అంతా ఉంది. మన ఊరి బడి కాలపట్టిక తీసుకొని, ఆ పీరియడ్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి. పట్టికలో 'డ్రాయింగు' అనే మాట ఉంటుంది. గదిలో గణితం జరుగుతుంటుంది.

కనుక నేను అడిగేది ఒలింపిక్ మైదానం కాదు. మా పిల్లలందరూ నాటస్ కౌపస్‌లు అయిపోతారని భ్రమ పెట్టడం లేదు. వేలమంది ఆడితే ఒకరికి అన్నం పెట్టే ఆట అది, ఆ మాట పిల్లవాడికి దాచకుండా చెప్పాలి. నేను అడిగేవి మూడే.

ఒకటి. డ్రాయింగు, డ్రిల్లు, చేతిపని పీరియడ్లను దొంగిలించడం ఉపాధ్యాయులు మానాలి. ఇది దొంగతనమే. ఇంకో మాట లేదు. తల్లిదండ్రుల కమిటీ కూర్చున్నప్పుడు మార్కుల గురించి అడిగిన నోటితోనే ఈ పీరియడ్ల గురించి అడగాలి.

రెండు. మగ్గం మీద రూపం గీసేవారినీ, బండలు కోసి అమర్చేవారినీ, వడ్రంగినీ నెలకొక్కసారి బడికి పిలిచి బల్ల ముందు నిలబెట్టాలి. గౌరవ వేతనం ఇవ్వాలి. పిల్లలు వాళ్ళను 'సార్' అని పిలవాలి.

మూడు. పంట లేని నెలల్లో ఖాళీగా పడి ఉండే గచ్చు నేలలు ప్రతి మండలంలో ఉన్నాయి. సాయంత్రం రెండు గంటలు వాటిని పిల్లల చక్రాలకు వదలాలి. పక్కన ఒక పెద్దమనిషి, తలకు రక్షణ, ముందుగా ఆడపిల్లలకు వంతు. ఇంతకు మించి ఖర్చు లేదు.

ఇవి జరగవని మాస్టారు అంటారు. జరగకపోవచ్చు. కాని జరగకపోవడానికి కారణం డబ్బు కాదు, కరువు కాదు, అమెరికా కాదు. మన నవ్వు. అరుగు మీద మనం నవ్విన నవ్వు విని పక్కన పోతున్న పిల్లవాడు చేతిలోని చెక్కను వీపు వెనక దాచుకుంటాడు. చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఉద్యోగ విరమణ నాడు బడి వాళ్ళు శాలువా కప్పి, ఏమైనా కోరుకోండి అన్నారు. కుండ కింది పీట అడిగాను. వేళాకోళం అనుకున్నారు. ఇప్పుడది మా ఇంట్లో ఉంది. తిరగవేసి తుడిస్తే ఒక హంస, సగం తీగ మిగిలాయి. మిగతాది తేమకు పోయింది. ఇది నాది కాదు. దీని యజమానికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. కనబడితే ఇచ్చివేయవలసిన సొత్తుగా దాచాను. బేరింగులు మాత్రం కొత్తవి కొనాలి.

లెక్కల మాస్టారికి ఈ టపాను రేపు సాయంత్రం అరుగు మీదే చదివి వినిపిస్తాను. ఆయన జవాబు చెబితే అదీ ఇక్కడే పెడతాను. మీలో ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే, మీ బడిలో డ్రాయింగు పీరియడు ఎవరి దగ్గర ఉందో వ్యాఖ్యలో నిజం రాయండి. పేరు రాయకపోయినా పరవాలేదు.

ఉంటాను.